గ్రంథాలయపు పట్టిక

గ్రంథాలయమునందు పుస్తకము మాయమగుటకు దొంగ రానక్కరలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట నొక బాలుడు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి ‘గణపతి’ కావలెనని నాయొద్దకు వచ్చెను. పట్టికలో ‘చ’ క్రింద వెదకితిని, కానరాలేదు. లేదని చెప్పి పంపితిని. వేసవిలో పుస్తకములు లెక్కించునప్పుడు ఆ పేరు ‘న’ క్రింద దొరకెను. ఆంగ్లేయుల రీతిని పేరులోని తుదిమాటను ముందుంచి వ్రాసినవాడను నేనే. అప్పటి కా బాలుడు బడి మాని మిరపచేల పనికి పోయియుండెను.

ఇట్టి చిక్కు క్రొత్తది కాదు. తాటాకు గ్రంథములకు ముఖపత్రము లేదు. కవి తన పేరును, తండ్రి పేరును ఆశ్వాసాంత గద్యమునందు చెప్పుకొనును. కావున పట్టిక వ్రాయువాడు ఆకులు త్రిప్పి ఆశ్వాసపు తుద చదివిననేగాని కర్త యెవరో తెలియదు. ఆ తుది యాకే విరిగియుండిన నిక చెప్పనేల! మన అమరావతిని 1798లో దర్శించిన మెకంజీ దొర, కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల తోడ్పాటుతో తాళపత్రములను, గ్రామముల కైఫియతులను విస్తారముగా సమకూర్చెను. 1821లో అతడు మరణించునాటికి వానికి అచ్చుపట్టిక లేదు. విల్సన్ పండితుడు 1828లో కలకత్తాలో దానిని ప్రకటించెను. పిదప ఈ గ్రంథములకును, బ్రౌను దొర కూర్చినవానికిని విలియం టెయిలరు 1857 మొదలు 1862 వఱకు మదరాసులో మూడు సంపుటముల పట్టికను వెలువరించెను.

అచ్చుపుస్తకములు పెరిగినకొలది నియమములు కావలసివచ్చెను. లండనులోని బ్రిటిష్ మ్యూజియమువారు 1841లో పానిజీ నాయకత్వమున 91 నియమములను ప్రకటించిరి. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి రంగనాథన్‌గారు 1934లో పట్టిక నియమములను గ్రంథముగా వెలువరించిరి.

తెలుగువారికి ఇంటిపేరు ముందే యున్నది గదా, చిక్కేమి యందురా? తిక్కనను ‘కొట్టరువు’ అని వెదకువా రెవ్వరు? మన సీమలోని వినుకొండ కవి గుఱ్ఱం జాషువగారిని ‘గ’ క్రింద కంటె ‘జ’ క్రింద వెదకువారే యెక్కువ. కావున ప్రాచీనులకు పేరును, ఆధునికులకు ఇంటిపేరును ముందుంచి, రెండవచోట ‘ఫలానా అక్షరము చూడుము’ అని యొక కార్డు పెట్టుట మేలని నా యభిప్రాయము. ‘క్ష’ సంగతి వేరు. అది బాలశిక్షలో చివరను, నిఘంటువులలో ‘క’ క్రిందను ఉండును. క్షేత్రయ్య పదములకొఱకు మన పిల్లలు పెట్టె చివర వెదకి, వట్టిచేతులతో మరలుట చూచితిని.

1918లో వేటపాలెమున స్థాపింపబడిన సారస్వత నికేతనమునకు తల్లిదండ్రులు పిల్లలను తీసికొనిపోయినప్పుడు, బీరువాలకంటె ముందు పట్టికను అడిగి చూపింపుడు. మన పెట్టెలో ‘గణపతి’కి ఇప్పుడు మూడు కార్డులు గలవు: ‘చ’ క్రింద ఒకటి, ‘ల’ క్రింద ఒకటి, ‘గ’ క్రింద ఒకటి.