మోటారు సైకిలుకీ ఓ పాస్‌పోర్టు

కొన్నాళ్ళకని పై దేశం వెళ్తూ మోటారు సైకిలు తీసుకుపోతే, అక్కడ మళ్ళీ రిజిస్టరు చేయించాలా? బ్రిటన్ సంగతి చూడండి: చుట్టపుచూపుగా వెళ్ళినవారు 12 నెలల్లో 6 నెలల దాకా స్వదేశపు నంబరుతోనే నడపవచ్చు; కాపురం పెడితే మాత్రం అక్కడి నంబరు తప్పదు.

అసలు చిక్కు కస్టమ్స్‌తో. ఇరాన్ వంటి దేశాలకు 'కార్నే' అనే పుస్తకం కావాలి. మన దేశపు మోటారు సంఘం హామీ సొమ్ము కట్టించుకుని, ఏడాది గడువుతో ఇస్తుంది. ప్రతి పేజీ మూడు ముక్కలు. దేశంలో అడుగు పెట్టేటప్పుడొకటి, వదిలేటప్పుడొకటి కస్టమ్స్ వారు చించుకుంటారు. ముద్రలు పడిన మూడోది మనకు మిగులుతుంది. వదిలిన ముద్ర లేదూ, బండి అక్కడే అమ్మేశామని అనుమానం. సుంకం మన హామీలోంచి రాబట్టుకుంటారు. ఇది చెబితే మా నాన్న, "అరువిచ్చిన ఎద్దుకి జామీనన్నమాట!" అన్నారు. సరిహద్దులో ఎంత తొందరున్నా ఆ ముద్ర చూసుకునే కదలాలి.