మందుకు లొంగని మంట

చిత్తూరు పల్లెల్లో మూత్రంలో మంట వస్తే ఆడవాళ్లు ఆ జబ్బుకు పేరు పెట్టరు. ‘వేడి చేసింది’ అంటారు. రెండు రోజులు మజ్జిగ, బార్లీ నీళ్లు తాగి చూస్తారు. మంట తగ్గక, మాటిమాటికీ పోవాలనిపిస్తుంటే, ఇంట్లో చెప్పుకోలేక పక్కింటి అక్కతో చెబుతారు. ఆమె తాను వాడగా మిగిలిన మాత్రలు రెండు చేతిలో పెడుతుంది. లేదంటే మందుల షాపు. ‘అన్నా, మూత్రం మంటగా ఉండాది, ఏదన్నా మాత్తర ఇయ్యి.’ అట్టలోంచి నాలుగు మాత్రలు కత్తెరతో కత్తిరించి కవర్లో వేస్తారు. డాక్టరు చీటీ లేనిదే వాడకూడదని హెచ్చరిస్తూ అట్ట వెనక నిలువునా వేసిన ఎర్ర గీతను కూడా ఆ కత్తెరే ముక్కలు చేస్తుంది.

ఆ నాలుగు మాత్రలతో మంట తగ్గనూవచ్చు. కానీ అసలు కథ పేగుల్లో మొదలవుతుంది. మామూలు మూత్రనాళ ఇన్ఫెక్షన్లలో దాదాపు ముప్పావు వంతుకు ఈ.కోలి అనే బ్యాక్టీరియా కారణం. అది మన పేగుల్లో ఉండేదే. ఆడవాళ్లలో మూత్రం బయటికొచ్చే నాళం పొడవు నాలుగు సెంటీమీటర్లే కాబట్టి సులువుగా మూత్రాశయంలోకి చేరుతుంది. మింగిన యాంటీబయాటిక్ పేగుల్లోని బ్యాక్టీరియానూ చంపుతుంది. మందుకు లొంగేవి పోతాయి, లొంగనివి మిగిలి ఆ చోటంతా ఆక్రమిస్తాయి. మరుసటి సారి మూత్రాశయంలోకి చేరేది ఆ మిగిలినవాటిలోంచే. పైగా మందును తట్టుకునే విద్య వాటి దగ్గరే ఉండిపోదు. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చక్రం మీదెక్కి ఈ.కోలి నుంచి క్లెబ్సియెల్లా అనే మరో బ్యాక్టీరియాకూ, అక్కడి నుంచి మరో జాతికీ చేతులు మారుతుంది.

మందును విరిచేసి ప్రపంచాన్ని హడలెత్తించిన ఎన్‌డీఎం-1 అనే బ్యాక్టీరియా ఎంజైము బయటపడింది కూడా ఇలాంటి మూత్రనాళ ఇన్ఫెక్షన్‌లోనే. ఢిల్లీ ఆసుపత్రిలో చికిత్స పొంది స్వీడన్ తిరిగివెళ్లిన భారత సంతతి రోగి మూత్రంలో 2008లో క్లెబ్సియెల్లా దొరికింది. ఆఖరి అస్త్రంగా దాచుకునే కార్బపెనమ్ మందులూ దానిమీద పనిచేయలేదు. రెండేళ్లకు మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకుడు కార్తికేయన్ కుమారస్వామి, సహచరులు లాన్సెట్ పత్రికలో లెక్క చూపారు. ఒక్క చెన్నైలోనే అలాంటి నమూనాలు 44. తిరుపతిలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరే ఊరది. వైద్యానికి చెన్నై, వేలూరు పోయివచ్చే మనకు ఇది పరాయి కథ కాదు.

తిరుపతిలోని స్విమ్స్, రుయా లాంటి పెద్దాసుపత్రులకు ఈ రోగులు ఆలస్యంగా వస్తారు. చలి జ్వరం, నడుం పక్కన పోటు, వాంతులు మొదలయ్యాక. అంటే ఇన్ఫెక్షన్ కిడ్నీలకు ఎక్కిందన్నమాట. షుగర్ ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులకు నెలలు నిండకముందే కాన్పయ్యే ముప్పు. మాత్రతో పోవాల్సిన జబ్బుకు మంచం పట్టి, రోజుకు మూడుసార్లు నరానికి మెరోపెనమ్ అనే కార్బపెనమ్ మందు ఎక్కించుకోవాల్సి వస్తుంది.

ఏ మందు పనిచేస్తుందో చెప్పే కల్చర్ పరీక్ష కొత్తదీ కాదు, గొప్ప యంత్రాలేవీ అడగదు. మధ్యధార మూత్రాన్ని సన్నని తీగ ఉంగరంతో అగర్ పళ్లెం మీద గీస్తారు. మర్నాటికి మకాంకీ అగర్ మీద ఈ.కోలి గులాబీరంగు చుక్కలై పైకి తేలుతుంది. వాటిని ఇంకో పళ్లెంలో పరిచి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పేరుస్తారు. మరుసటి రోజు స్కేలు పెట్టి కొలుస్తారు. పనిచేసే మందు చుట్టూ బ్యాక్టీరియా మొలవని తేట వలయం ఉంటుంది. పనిచేయని బిళ్ల అంచుదాకా పొర కమ్మేస్తుంది. సిప్రోఫ్లాక్ససిన్ బిళ్ల చుట్టూ ఆ వలయం కనిపించడం ఇప్పుడు అరుదైపోతోంది. దేశవ్యాప్తంగా ఐసీఎంఆర్ నివేదికలు ఏటా చెబుతున్నదీ అదే. సిప్రోతో పాటు సెఫలోస్పోరిన్లూ ఈ.కోలి మీద చాలావరకు ఓడిపోయాయి. ఊరట ఏమిటంటే, 1950ల నాటి నైట్రోఫ్యురంటాయిన్, దాంతో పాటు ఫాస్ఫోమైసిన్ ఇంకా నిలబడ్డాయి. అయితే ఇవి మూత్రాశయం దాకానే. కిడ్నీకి పాకిన ఇన్ఫెక్షన్‌కు నైట్రోఫ్యురంటాయిన్ సరిపోదు.

రిపోర్టులో బ్యాక్టీరియా కనిపించిందని వెంటనే మాత్ర మింగనూ కూడదు. మంట, జ్వరం లేని పెద్దవయసువాళ్లకు, క్యాథెటర్ ఉన్నవాళ్లకు చాలాసార్లు మందే అక్కర్లేదు. గర్భిణుల సంగతి వేరు, వాళ్లకు లక్షణాలు లేకున్నా ఇవ్వాలి.

చీటీ లేని అమ్మకాలను అడ్డుకోవడానికి చట్టం ఉంది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్1 షెడ్యూలు ప్రకారం సెఫిక్సిమ్, లీవోఫ్లాక్ససిన్, మెరోపెనమ్ లాంటివి అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. మనుషులకు ఆఖరి అస్త్రాల్లో ఒకటైన కోలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు వాడటాన్ని కేంద్రం 2019లో నిషేధించింది. పాడి మీద బతికే ఈ జిల్లాల్లో ఆవుకు పొదుగువాపు వస్తే ఎక్కించే యాంటీబయాటిక్‌కూ లొంగనివి మిగిలిపోయే ఇదే లెక్క వర్తిస్తుంది. ఇంజెక్షన్ వేశాక చెప్పిన గడువు తీరేదాకా ఆ పాలు పాల సేకరణ కేంద్రంలో పోయకూడదు.

కానీ తప్పంతా మాత్ర అడిగిన ఆ అమ్మ మీద వేస్తే నేను ఒప్పుకోను. పరీక్ష చేయించుకుందామన్నా, మూత్రం శాంపిల్ రెండు గంటల్లో ల్యాబుకు చేరాలి, లేదా ఫ్రిజ్‌లో ఉండాలి. పుంగనూరు అవతలి పల్లె నుంచి కల్చర్ కోసం చిత్తూరుకో తిరుపతికో పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, రిపోర్టుకు ఇంకో రోజు. పీహెచ్‌సీలోనే శాంపిల్ తీసుకుని, ఐస్ పెట్టెలో పంపి, ఫలితం ఫోనుకు చెప్పొచ్చు. టీకాలను చల్లగా పల్లెదాకా చేర్చగలిగిన వ్యవస్థకు ఇది చేతకాని పనేమీ కాదు.

ఇంకొకటుంది. మామిడి తోటల్లో, టమోటా కోతల్లో, తిరుపతి బట్టల షాపుల్లో రోజంతా నిలబడే ఆడవాళ్లలో ఎందరో మరుగుదొడ్డి లేదని నీళ్లు తాగడమే మానేస్తారు. తరచూ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువగా తాగే 140 మంది మహిళల మీద జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. రోజూ లీటరున్నర నీళ్లు అదనంగా తాగినవాళ్లకు ఏడాదిలో ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి, యాంటీబయాటిక్ వాడకమూ తగ్గింది. ఆ లీటరున్నర ధైర్యంగా తాగాలంటే పనిచేసే చోట గొళ్లెం పడే మరుగుదొడ్డి ఉండాలి. అది కట్టించాల్సింది తోట యజమాని, షాపు యజమాని, మార్కెట్ యార్డు.