మూత్రంలో క్రిములున్నాయి, బాధేమీ లేదు: మందు ఎవరికి?

వేటపాలెంలో ఒక మగ్గం ఇల్లు ఊహించుకోండి. అత్తగారికి డెబ్బై ఏళ్ళు, ఎన్నాళ్ళుగానో షుగరు. కోడలికి మూడో నెల. ఇద్దరి మూత్రం కల్చర్ రిపోర్టులోనూ ఒకే మాట: ఇ.కోలై, మిల్లీలీటరుకు లక్షకు పైన. ఇద్దరికీ మంట లేదు, జ్వరం లేదు. డాక్టరు కోడలికి మందు రాశారు, అత్తగారికి అక్కర్లేదన్నారు. "షుగరున్నదాన్ని నేను కదండీ!" అని పెద్దావిడ కంగారు. ఆ కంగారు తీరాలంటే ఒక్కో ప్రశ్నా విప్పుకోవాలి.

బాధ లేకుండా క్రిములెలా ఉంటాయి?

ఇ.కోలై మన పేగుల్లో కాపురముండేదే. ఆడవాళ్ళలో మూత్రం బయటికొచ్చే దారి సుమారు నాలుగు సెంటీమీటర్లే కాబట్టి పైకి చేరడం తేలిక. చేరిన క్రిమి మూత్రాశయాన్ని రెచ్చగొట్టకుండా ఉండిపోతే మంటా రాదు, జ్వరమూ రాదు. వయసు మీరేకొద్దీ ఇది మామూలే. వృద్ధాశ్రమాల్లోని ఆడవాళ్ళలో పావు వంతు నుంచి సగం మందిలో కనిపిస్తుంది. నెలల తరబడి మూత్రం పైపు ఉన్నవారిలో దాదాపు అందరికీ ఉంటుంది.

లక్ష అనే లెక్క ఎలా వచ్చింది?

1950లలో బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ అనే వైద్యుడు ఈ హద్దు గీశారు. లాబ్‌లో మిల్లీలీటరులో వెయ్యో వంతు పట్టే చిన్న తీగ చుట్టతో మూత్రం తీసి పళ్ళెంలో రాస్తారు. మర్నాటికి అందులో నూరు చుక్కలు మొలిస్తే మిల్లీలీటరుకు లక్ష అన్నమాట. అందుకే సీసా ఆలస్యమైతే లెక్క తప్పుతుంది. పొద్దున పట్టిన మూత్రం ఎండలో తిరిగి మధ్యాహ్నానికి చీరాల లాబ్‌కు చేరితే, క్రిములు దారిలోనే పెరిగిపోతాయి. శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలి మధ్య ధార పట్టాలి. రెండు గంటల్లోపు లాబ్‌లో ఇవ్వాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో ఉంచాలి.

కోడలికి మందెందుకు?

గర్భంలో హార్మోన్ల వల్ల కిడ్నీల నుంచి దిగే గొట్టాలు సడలుతాయి, పెరిగే గర్భసంచి వాటిని నొక్కుతుంది. మూత్రం నిలిచి క్రిములు పైకెక్కుతాయి. మందివ్వని పాత అధ్యయనాల్లో ఇలాంటి గర్భిణుల్లో నూటికి 20 నుంచి 35 మందికి కిడ్నీ ఇన్ఫెక్షన్ వచ్చింది. మందిస్తే అది 1 నుంచి 4కు తగ్గింది. కిడ్నీ ఇన్ఫెక్షన్ వస్తే తల్లికి ప్రమాదం, నెలలు నిండకుండా కాన్పయ్యే భయం. అల్బుమిన్, షుగరు చూసే పట్టీ పరీక్షలో ఈ క్రిములు తేలవు. అందుకే తొలి నెలల్లోనే కల్చర్ చేయిస్తారా అని డాక్టరుని అడగండి.

అత్తగారికి ఎందుకు వద్దు?

షుగరున్న ఆడవాళ్ళ మీద జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. బాధ లేని క్రిములకు మందు వాడినా, తరువాతి రోజుల్లో వచ్చే ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. పోయిన క్రిములు చాలామందిలో మళ్ళీ వచ్చి చేరాయి. పైగా అనవసరపు యాంటీబయాటిక్ విరేచనాలు తెస్తుంది, మందుకు లొంగని క్రిములను మిగులుస్తుంది. రేపు నిజంగా జబ్బు చేసిన రోజున ఆ మందే పనిచేయకపోవచ్చు. రిపోర్టులో పస్ సెల్స్ కనిపించినా, మూత్రం వాసనొచ్చినా, బాధ లేకపోతే ఇదే మాట.

మరి ఇంకెవరికి వాడాలి?

మూత్రనాళం గుండా రక్తం కారేలాంటి ఆపరేషన్, అంటే ప్రోస్టేట్ కోయడం లాంటిది చేయించుకోబోయేవారికి ముందుగా ఇస్తారు. మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, చలిజ్వరం, పక్కటెముకల కింద నొప్పి మొదలైతే, అప్పుడది బాధ లేని వ్యవహారం కాదు. ఎవరైనా సరే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

కాబట్టి అత్తగారు కోడలి మాత్రల్లో వాటా అడగకూడదు. డాక్టరు చెప్పిన రోజులన్నీ కోడలు మాత్రలు మింగేలా చూసి, ఆ తరువాత మరోసారి కల్చర్ గుర్తు చేస్తే చాలు. పుట్టబోయే మనవడికో మనవరాలికో నాయనమ్మ చేసే మొదటి మేలు అదే.