తలుపు తట్టిన చెల్లెలికి మొదటి మాట

చాలా ఏళ్ల క్రితం మార్కాపురం దగ్గరి ఒక పల్లె సంఘంలో సేవ చేస్తుండగా, ఒక రాత్రి పదిన్నర దాటాక మా తలుపు తట్టారు. పలకల ఫ్యాక్టరీలో పనిచేసే సోదరి, చంకలో చంటిబిడ్డ, చిట్లిన పెదవి. కూర్చోబెట్టి ప్రార్థన చేశాం. భర్తకు కబురు పెట్టాం. అతను వచ్చి తలవంచుకుని నిలబడ్డాడు. ఇద్దరి చేతులూ కలిపి, 'ఓర్చుకోమ్మా, ప్రభువు చూసుకుంటాడు' అని చెప్పి అప్పుడే పంపించాం. మంచి పని చేశామనుకునే నిద్రపోయాం. పదిహేను రోజులు తిరక్కుండా ఆమె మోచేయి విరిగి ఆసుపత్రిలో చేరింది. మళ్లీ మా దగ్గరకు ఎందుకు రాలేదమ్మా అని అడిగితే, 'మీరు ఆయన్నే పిలుస్తారు గదా అయ్యగారూ' అంది.

సెమినరీలో హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకున్నాం. దెబ్బలు తిని వచ్చిన స్త్రీతో మొదట ఏం మాట్లాడాలో మాత్రం నేర్చుకోలేదు. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. పోలీసులకు, న్యాయాధికారులకు ఈ విషయంలో ఎప్పటికప్పుడు శిక్షణ ఇప్పించాలని దాని 11వ సెక్షను ప్రభుత్వాన్ని ఆదేశిస్తోంది. అయితే మార్కాపురం, కంభం, గిద్దలూరు పల్లెల్లో ఆ సోదరి ముందుగా వెళ్లేది స్టేషనుకేనా? 1866లో క్లౌ దొరగారు ఒంగోలుకు వచ్చి స్థిరపడ్డ తరువాత బాప్టిస్టు మిషను ఇటువైపు విస్తరించింది. గిద్దలూరు వైపు ఎస్.పి.జి. మిషను పనిచేసింది. అప్పటినుంచీ అయ్యగారి ఇల్లంటే మందుకు, ఉత్తరం రాయించుకోవడానికి, తగవు తీర్చుకోవడానికి వెళ్లే చోటు. జిల్లా కార్యాలయాలేమో ఏళ్ల తరబడి ఒంగోలులోనే ఉండేవి. గిద్దలూరు నుంచి ఆ దూరం ఒక రోజు కూలి పోగొట్టుకునేంత. పుట్టింటివారు పనికోసం హైదరాబాదుకో, గుంటూరుకో వలసపోయి ఉంటే ఇక ఆమెకు మిగిలింది పాస్టరమ్మే. అందుచేత పోలీసులకు చెప్పిన ఆ శిక్షణ మాకూ కావాలి.

శిక్షణ అంటే సెక్షన్లు వల్లించడం కాదు, మన ఊరి మనసు తెలియడం. మన స్త్రీ 'ఆయన కొట్టాడు' అని నోరు తెరిచి అనదు. 'కాలు జారి పడ్డానమ్మగారూ' అంటుంది, లేదా 'ఒంట్లో బాగాలేదు, ప్రార్థన చేయండి' అని కూర్చుంటుంది. పక్కన అత్తగారుంటే అదీ అనదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో నూటికి 30 మంది భర్త చేతిలో హింసకు గురయ్యామని చెప్పారు. అదే సర్వేలో నూటికి 84 మంది స్త్రీలు, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం న్యాయమేనన్నారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగా చేయకపోవడం వంటివే ఆ కారణాలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని మన ఆదివారపు కూడికలో కుడివైపు చాపల మీద కూర్చున్న సోదరీమణులను ఒకసారి చూడండి. ఆమె తానే తప్పు చేశానని నమ్ముతూ మన గడప ఎక్కుతుంది. 'నువ్వేమన్నావమ్మా, ఎందుకు కొట్టాడు?' అని మనం అడిగితే ఆ నమ్మకానికి సంఘకాపరి ముద్ర పడుతుంది.

ఇక్కడ మాకు బాగా అలవాటైన వాక్యం ఒకటుంది. మలాకీ 2:16 తెరిచి, భార్యను విడనాడటం దేవునికి అసహ్యమని చదివి, కాపురం నిలబెట్టుకోమని ఆమెకే చెబుతాం. ఆ మాట ప్రవక్త చెప్పింది భర్తలకు! పైగా అదే వచనం సగంలో ఆగదు. వస్త్రాన్ని కప్పుకున్నట్టు బలాత్కారాన్ని కప్పుకునేవాడిపైనా దేవుని అసహ్యాన్నే ప్రకటిస్తుంది. రెండో సగం మీద ప్రసంగం మేము ఎక్కడా విన్న జ్ఞాపకం లేదు, మేమూ చాలాకాలం చేయలేదు. కొట్టేవాడు అధ్యక్ష పదవికి తగడని పౌలు తిమోతికి రాసిన మాట (1 తిమోతి 3:3) సంఘపెద్దల ఎన్నికలప్పుడు ఎంతమందికి గుర్తుకొస్తోంది?

మంచి సమరయుడు ఏం చేశాడో లూకా పూసగుచ్చినట్టు రాశాడు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోశాడు, కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంట్లో ఉంచి డబ్బు కట్టాడు, మళ్లీ వస్తానన్నాడు. ఆ దారిన ఒంటరిగా ఎందుకు వెళ్లావని అడగలేదు. దొంగలను పిలిపించి రాజీ చేయలేదు.

కొన్నాళ్ల క్రితం చుట్టుపక్కల సంఘాల కాపరులం ఈ విషయమై కూర్చున్నాం. పాస్టరమ్మలను కూడా రమ్మన్నాం, నిజానికి వాళ్లు లేకపోతే ఆ కూడికకు అర్థమే లేదు. మొదటి ప్రశ్న ఏమిటని ఒక గంట వాదించుకున్నాక, వెనక కూర్చున్న ఒక ముసలి బైబిలు స్త్రీ, 'ముందు అన్నం తిన్నావా అమ్మా అని అడగండయ్యా' అంది. బిడ్డకు పాలున్నాయా, ఈ రాత్రి ఇంటికి వెళ్లాలంటే భయంగా ఉందా అనేవి ఆ తరువాత. ఆమెతో పాస్టరమ్మ మాట్లాడాలి, తలుపు ఓరగా తెరిచి ఉండాలి, అయ్యగారు వరండాలో ఉండాలి. భర్తకు ఫోను చేయకూడదు. భార్యాభర్తలిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి నిజం చెప్పమనకూడదు, అక్కడ చెప్పిన నిజానికి ఇంటికెళ్లాక మళ్లీ దెబ్బలు పడతాయి. ఆసుపత్రికి వెళ్తే కాలు జారానని కాక, జరిగింది జరిగినట్టు డాక్టరుకు చెప్పమనాలి. ఆమె విన్నపం మన నోట మరుసటి ఆదివారం ప్రార్థనాంశంగా వినిపించకూడదు. ఇది మాలో చాలామందిని తాకింది.

స్టేషన్ మెట్లెక్కితే కాపురం కూలిపోతుందనే భయం మాకూ ఉంది, ఆమెకూ ఉంది. క్రైస్తవ స్త్రీ క్రూరత్వం ఒక్కటే కారణంగా చూపి విడాకులు కోరే వీలు 2001 సవరణ దాకా లేదు కనుక ఆ భయం తరాలుగా పాతుకుపోయింది. కానీ 2005 చట్టం విడాకుల చట్టం కాదు. మెజిస్ట్రేటు కొట్టవద్దని భర్తను ఆదేశించవచ్చు, కాపురమున్న ఇంట్లోనే ఆమెను ఉండనివ్వమనవచ్చు, ఖర్చులు ఇప్పించవచ్చు. ఏ మతం వారికైనా వర్తిస్తుంది. దరఖాస్తు అందాక మొదటి విచారణ సాధారణంగా మూడు రోజుల్లోపే ఉండాలి. ఇంకో సంగతి: హింస జరుగుతోందని ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చు, మంచి మనసుతో తెలియజేసినవారిపై కేసు ఉండదని 4వ సెక్షను చెబుతోంది. కాపరులకు ఇంతకన్నా ధైర్యం ఏం కావాలి?

2025 మార్చి 8న ముఖ్యమంత్రి 'శక్తి' యాప్‌ను మార్కాపురంలోనే ప్రారంభించారు. సంతోషమే. అయితే ఆ ఫోను చాలా ఇళ్లలో భర్త జేబులో ఉంటుంది. అందుకే మా ఇంటి ముందుగదిలో క్యాలెండరు పక్కన 181, 112 నంబర్లు పెద్ద అక్షరాలతో రాసిపెట్టాం. పాస్టరమ్మ ఫోను ఆ చెల్లెలి చేతికిస్తుంది, ఏం మాట్లాడాలో ఆమె ఇష్టం. మోచేయి విరిగిన ఆ సోదరి ఇప్పుడు వేరే ఊళ్లో కూతురి దగ్గర ఉంటోంది. మొన్న క్రిస్మస్‌కు వచ్చినప్పుడు ఆ నంబర్ల వైపు కాసేపు చూసి, 'ఇవి అప్పుడు లేవు కదయ్యగారూ' అని అడిగింది. లేవమ్మా అన్నాం.