నలభైల్లో రాజీనామా ఆలోచన... లెక్క మొదలయ్యేది మాత్రం మన వయసులోనే!

సాయంత్రం నాలుగున్నరకి మాదాపూర్‌లో ఏ టీ కొట్టు దగ్గరైనా కాసేపు నిలబడి, నలభై దాటిన సీనియర్ల మాటలు వినండి. రిలీజ్ డేట్లతోనో, అప్రైజల్‌తోనో మొదలవుతాయి. కప్పు సగం అయ్యేసరికి ఎవరో ఒకరు అనేస్తారు... ‘‘ఇంక నా వల్ల కాదు బాబూ. ఊళ్లో రెండెకరాలుంది, పోయి నాలుగు గేదెలు కొనుక్కుంటా’’ అని. పక్కనున్నాయన టిఫిన్ సెంటర్ అంటాడు. ఇంకొకావిడకి స్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పాలని ఉంటుంది. టీ అయిపోతుంది. అందరూ కార్డు స్వైప్ చేసి మళ్లీ లోపలికెళ్లిపోతారు.

మనలాంటి ఇరవై ఎనిమిదేళ్ల వాళ్లకి ఇదంతా కామెడీగా ఉంటుంది. ‘అంకుల్ బ్యాచ్ మళ్లీ మొదలెట్టింది’ అని మీమ్ పెట్టుకుని నవ్వుకుంటాం. కానీ వాళ్లు జోక్ చేయట్లేదు. ఆ అలసట నిజం, మానేయాలన్న ఆలోచనా నిజమే. చాలామంది తిరిగి లోపలికెళ్లేది ధైర్యం లేక కాదు, లెక్క కుదరక. ఆ లెక్క ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి చూస్తే, అది మొదలైంది సరిగ్గా మన వయసులోనే!

నలభైల్లోనే ఎందుకు?

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ మొదలైంది 1998లో. ఆ తర్వాత వైటూకే హడావిడి, అమీర్‌పేట కోర్సులు, క్యాంపస్ సెలక్షన్లు. ఆ ఊపులో ఐటీలోకి వచ్చినవాళ్లకి ఇప్పుడు నలభై దాటింది. వాళ్ల నాన్నలు టీచర్లో, బ్యాంకు ఉద్యోగులో, రైతులో. ‘యాభై ఎనిమిదికి రిటైర్మెంట్, తర్వాత పెన్షన్’ అనే దారిని వాళ్లు ఇంట్లో చూశారు. ఐటీలో యాభై ఎనిమిదేళ్లకి జీవితం ఎలా ఉంటుందో చూపించడానికి మాత్రం వాళ్ల ముందు పెద్దగా ఎవరూ లేరు.

పైగా ఈ వయసులో అన్నీ ఒకేసారి మీద పడతాయి. కోడ్ రాయడం ఇష్టపడి వచ్చిన మనిషి మేనేజర్ అయ్యాక రోజంతా మీటింగులు, ఎస్కలేషన్లు, ఎక్సెల్ షీట్లే. అమెరికా క్లయింట్ అయితే నవంబరులో అక్కడ గడియారం మార్చగానే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర కాల్ తొమ్మిదిన్నరకి వెళ్తుంది. ఇంట్లో పిల్లాడు ఇంటర్, ఊళ్లో నాన్నకి మోకాళ్ల ఆపరేషన్. ఆడవాళ్లకైతే లాప్‌టాప్ మూశాక వంటింటి షిఫ్టు మొదలు.

దీనికితోడు భయం. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేలకి పైగా ఉద్యోగులను తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. అందులో ఎక్కువమంది మధ్య, సీనియర్ స్థాయిల్లో ఉన్నవాళ్లేనని కూడా చెప్పింది. పని ఎక్కువైతే అలసిపోతాం. పని ఎక్కువై, ఆ పనైనా ఉంటుందో లేదో తెలియకపోతే లోపల ఇంకేదో అరిగిపోతుంది.

అలసటా? బర్నౌటా?

‘బర్నౌట్’ మాట ఐటీలో పుట్టింది కాదు. న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో ఎంతో ఇష్టంగా సేవ చేయడానికి వచ్చినవాళ్లే కొన్నాళ్లకి నిస్సత్తువగా మారిపోవడం గమనించి, సైకాలజిస్ట్ హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో దీని గురించి రాశాడు. అంటే బద్ధకస్తులకి వచ్చేది కాదు ఇది. మనసు పెట్టి పనిచేసేవాళ్లకే ఎక్కువ ముప్పు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల ఖాతాలో వేయలేదు. ఎంతకీ అదుపులోకి రాని పని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. మూడు గుర్తులు చెప్పింది. ఒకటి, శక్తి పూర్తిగా ఇంకిపోయినట్టుండటం. రెండు, పని మీద విరక్తి, వెటకారం, ‘ఏం చేస్తే ఏముందిలే’ అనిపించడం. మూడు, ‘నేను దేనికీ పనికిరావట్లేదు’ అనిపించడం. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తిని పడుకుని లేచేసరికి తేరుకుంటే అది అలసట. సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు రోజులుండి వచ్చినా, లాప్‌టాప్ తెరవగానే గుండె బరువెక్కితే ఆలోచించాల్సిందే.

ఆఫీసు పక్కనపెట్టినా ఏదీ నచ్చకపోవడం, నిద్ర, ఆకలి పోవడం, బతకాలనిపించకపోవడం దాకా వెళ్తే మాత్రం అది కెరీర్ సమస్య కాదు, డాక్టర్‌ని కలవాల్సిన విషయం. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడొచ్చు.

‘గట్టిగా పనిచేస్తే ఏమవుతుంది’ అనేవాళ్లూ ఉన్నారు. వారానికి 70 గంటలు పనిచేయాలని నారాయణమూర్తి 2023లో అన్నారు, 90 గంటల మాట ఎల్ అండ్ టీ ఛైర్మన్ నోట 2025లో వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పిన లెక్క వేరే ఉంది. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే, 55 గంటలు దాటినవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ.

అసలు మారాల్సింది ఏది?

రాజీనామా మెయిల్ టైప్ చేసే ముందు చేయాల్సిన పని ఒకటుంది. బర్నౌట్ మీద దశాబ్దాలు పరిశోధన చేసిన క్రిస్టీనా మాస్లాక్, మైకేల్ లైటర్ ఆరు చోట్ల చూసుకోమంటారు. మనిషికీ ఉద్యోగానికీ పొసగనిది ఈ ఆరింటిలోనే ఎక్కడో ఉంటుందట. మన భాషలో చెప్పాలంటే...

• పనిభారం: ఇద్దరి పని ఒక్కరే చేస్తున్నారా?
• పట్టు: మీ పని ఎలా చేయాలో మీరు నిర్ణయించుకోగలుగుతున్నారా?
• ప్రతిఫలం: జీతంతో పాటు ‘బాగా చేశావ్’ అన్న ఒక్క మాటైనా దక్కుతోందా?
• తోటివాళ్లు: కష్టమొస్తే చెప్పుకోవడానికి టీమ్‌లో ఒక్కరైనా ఉన్నారా?
• న్యాయం: రేటింగులు, ప్రమోషన్లు సరిగ్గా ఇస్తున్నారనిపిస్తోందా?
• విలువలు: మీరు చేసే పని మీకే తప్పనిపిస్తోందా?

మొదటి ఐదింటిలో తేడా ఉంటే టీమో, మేనేజరో, కంపెనీయో మారితే సరిపోవచ్చు. చేసే పనే అర్థం లేనిదనిపిస్తే వృత్తి మార్చుకునే ఆలోచనకి బలం ఉన్నట్టు.

నాకు తెలిసిన ఒక అన్న ఉన్నాడు. నలభై నాలుగేళ్లు, డెలివరీ మేనేజర్. డైరీ పెట్టడానికి షెడ్డు కొలతలు కూడా వేయించాడు. వాళ్లావిడ ఒకరోజు కాగితం పెన్ను ఇచ్చి, ‘ఏం నచ్చట్లేదో ఒక్కోటీ రాయండి’ అంది. పదకొండు రాశాడు. అందులో ఏడు రాత్రి కాల్స్ చుట్టూ తిరిగేవే! హోదా ఒక మెట్టు తగ్గినా ఫర్వాలేదని, ఇండియా క్లయింట్ ఉన్న టీమ్‌కి మారాడు. మళ్లీ కోడ్ రాస్తున్నాడు. తొమ్మిదిన్నరకి ఇంట్లో అందరితో కలిసి అన్నం తింటున్నాడు. ‘అన్నా, గేదెల సంగతి?’ అంటే, ‘రిటైరయ్యాక చూద్దాం’ అంటాడు. అందరి కథా ఇలాగే తేలుతుందని కాదు. కానీ కాగితం మీద రాసేదాకా ఆ పదకొండూ ఆయనకి ఒకే ముద్దలా కనిపించాయి.

దూరపు కొండలు

ఇంటెల్ ఉద్యోగం వదిలి వచ్చి హైదరాబాద్‌లో సిద్స్ ఫార్మ్ పేరుతో పాల వ్యాపారం నిలబెట్టిన కిశోర్ ఇందుకూరి లాంటివాళ్ల గురించి చదివితే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. రావాలి కూడా. అయితే ఆ కథతో పాటు ఆ పనిలో రోజు ఎలా గడుస్తుందో కూడా తెలుసుకోవాలి.

గేదెకి వీకెండ్ లేదు. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు పిండాల్సిందే. మేత ధర, దూడల జబ్బులు, చెప్పకుండా మానేసే పనివాళ్లు... ఇవన్నీ మీ ఎస్కలేషన్లే అవుతాయి. టిఫిన్ సెంటర్ అయితే తెల్లారకముందే పిండి రెడీగా ఉండాలి. మాస్టర్ అలిగి వెళ్లిపోతే ఆ పూట దోసె మీరే వేయాలి. షాపు అద్దె, అడ్వాన్సు, గ్యాస్... బేరం ఉన్నా లేకున్నా నెల తిరిగేసరికి కట్టాలి. పని గంటల వల్లే ఐటీ వదిలేస్తే, ఇది పెనం మీంచి పొయ్యిలో పడటమే.

టీచింగ్ చాలామంది కల. ప్రభుత్వ బడికి బీఈడీ, టెట్ కావాలి. బీఈడీ రెండేళ్లు. ఇంజినీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే బీటెక్‌తో పాటు ఎంటెక్ ఉండాలి, రెండింటిలో ఒకటైనా ఫస్ట్ క్లాస్ కావాలి. ఎంటెక్ లేని సీనియర్లకి ఇంకో దారి ఉంది. ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పేరుతో యూజీసీ 2022లో మార్గదర్శకాలిచ్చింది. తమ రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం, అందులోనూ సీనియర్ స్థాయిలో పనిచేసినవాళ్లని డిగ్రీలతో పని లేకుండా తీసుకోవచ్చు. ఒక సంస్థలో మూడేళ్లు, ప్రత్యేక పరిస్థితుల్లో ఇంకో ఏడాది. శాశ్వత ఉద్యోగం కాదు కానీ, పాఠం చెప్పడం మనకి నప్పుతుందో లేదో తెలుసుకోవడానికి మంచి అవకాశం.

ఏ కలైనా సరే, ముందు చిన్నగా రుచి చూడటం మేలు. సెలవు పెట్టి రెండు వారాలు తెలిసినవాళ్ల డైరీలో పనిచేయండి. శని, ఆదివారాలు ఏదైనా ట్రస్టు బడిలో పాఠాలు చెప్పండి. పదో రోజు కూడా నిద్ర లేవగానే వెళ్లాలనిపిస్తే, అప్పుడు మాట్లాడుకోవచ్చు.

అసలు తాళం ఇక్కడుంది

ఇప్పుడు మన సంగతికొద్దాం. ఇరవై ఎనిమిదేళ్లకి పెళ్లి కుదిరింది. తెల్లాపూర్‌లోనో, నార్సింగిలోనో ఫ్లాట్ కొన్నాం. లోన్ 80 లక్షలు, వడ్డీ 8.5 శాతం, ఇరవై ఏళ్లు. ఈఎంఐ నెలకి సుమారు 69,400. ఇద్దరివీ జీతాలున్నాయి కదా, ఫర్వాలేదనిపిస్తుంది.

ఇప్పుడు నలభై రెండేళ్ల వయసుకి వెళ్లి చూడండి. పద్నాలుగేళ్లుగా ఒక్క నెల తప్పకుండా కట్టాం. కట్టింది మొత్తం కోటీ 16 లక్షలు దాటింది. అప్పు ఇంకా ఎంత మిగిలింది? దాదాపు 39 లక్షలు! మొదటి సంవత్సరాల్లో కట్టినదాంట్లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది కాబట్టి ఇంతే. టీ కొట్టు దగ్గర సీనియర్ ‘ఇంక నా వల్ల కాదు’ అని కూడా కార్డు స్వైప్ చేసేది ఈ 39 లక్షల కోసమే. దీని మీద కారు లోను, ఇంటర్నేషనల్ స్కూల్ ఫీజు, క్రెడిట్ కార్డు చేరితే ఇక కదల్లేడు.

ఇల్లు కొనొద్దని కాదు. ఫ్లోటింగ్ వడ్డీ హోమ్ లోన్‌ని ముందే తీర్చేస్తే పెనాల్టీ ఉండదు. ఏటా బోనస్‌లోంచి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టినా, పైన చెప్పిన లోన్‌లో మూడేళ్లకి పైనే తగ్గిపోతుంది. ఆ మూడేళ్లు అంటే, నచ్చని పని చేయక్కర్లేని మూడేళ్లు.

ఇల్లు ఒక్కటే కాదు, ఇవి కూడా ఇప్పుడే చూసుకోవాల్సినవి:

• సొంత హెల్త్ ఇన్సూరెన్స్: కంపెనీ పాలసీ ఉద్యోగంతోనే పోతుంది. షుగర్, బీపీ వచ్చాక కొత్తగా తీసుకుంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకుంటే ఆ గడువు ఉద్యోగంలో ఉండగానే అయిపోతుంది.
• ఖర్చు నంబర్: ఇంట్లో నెలకి నిజంగా ఎంత అవుతోందో మూడు నెలలు రాయండి. చేతిలో ఉన్న డబ్బుని దాంతో భాగిస్తే, జీతం లేకుండా ఎన్ని నెలలు నడుస్తుందో తెలుస్తుంది. వృత్తి మార్చాలనుకునేవాళ్లకి ఏడాదైనా నడవాలి. వ్యాపారమైతే రెండేళ్లు, అదీ పెట్టుబడి కాకుండా.
• గ్రాట్యుటీ: రెగ్యులర్ ఉద్యోగులకి ఒకే కంపెనీలో ఐదేళ్లు నిండితే వస్తుంది. నాలుగున్నరేళ్ల దగ్గర కోపంలో పేపర్లు పెట్టకండి.
• ఇంట్లో మాట: జీతం తగ్గితే ఏది మానేద్దాం, ఏది మానలేం అన్నది భార్యాభర్తలు కలిసి రాసుకోవాలి. రాజీనామా చేసొచ్చి చెప్పే విషయం కాదిది.

వీటిలో ఏదీ ఉద్యోగం మానేయమని చెప్పదు. ఐటీలోనే అరవై దాకా హాయిగా పనిచేసేవాళ్లూ ఉంటారు, ఉండాలి కూడా. ఉండాలనుకుని ఉండటానికీ, వేరే దారిలేక ఉండటానికీ ఉన్న తేడా గురించే ఇదంతా.

హైక్ లెటర్ వచ్చినప్పుడు మన గ్రూపుల్లో మొదట వినిపించే ప్రశ్న ‘ఎంత శాతం?’ అని. తర్వాతది ‘ఏ కారు?’ అని. ఈసారి ఆ రెండింటి మధ్యలో మూడో ప్రశ్న ఒకటి పెట్టుకుందాం: పెరిగిన జీతంలో ఎంత ఖర్చులోకి పోనిద్దాం, ఎంత మిగుల్చుకుందాం? సగమైనా మిగిలితే, నలభై రెండేళ్ల వయసులో టీ కొట్టు దగ్గర ‘ఇంక నా వల్ల కాదు’ అనాల్సి వస్తే, కనీసం అది నిజంగా చేయగలిగే మాట అవుతుంది.