కోడ్ చెప్పేది దారి, దోషిని కాదు

కారుకి స్కానర్ తగిలించగానే తెరమీద ‘పి0201’ అని వస్తుంది. షెడ్డులో ఒకరు ‘ఇంజెక్టర్ పోయింది’ అంటారు, ఇంకొకరు ‘ఈసీఎం (ఇంజన్ని నడిపే కంప్యూటర్) కొట్టేసింది’ అంటారు. కోడ్ ఈ రెండూ అనలేదు. ఒకటో సిలిండర్ ఇంజెక్టర్‌కి కరెంటు వెళ్లే దారిలో తేడా ఉందని మాత్రమే అంది. తీర్పులు మనవాళ్లు చేర్చినవి.

దీన్ని ‘పి0301’తో కలిపేయకూడదు. అది ఒకటో సిలిండర్ మిస్సింగ్ కొడుతోందని చెప్పే కోడ్. అందుకు ప్లగ్గు, ఇగ్నిషన్ కాయిల్, కంప్రెషన్, ఇంజెక్టర్ ఏదైనా కారణం కావచ్చు. రెండు కోడ్‌లూ కలిసి వస్తే ముందు వైరింగ్ చూడాలి. చాలా చోట్ల మాత్రం ముందు ప్లగ్గులే మారతాయి. అది పరీక్ష కాదు, ఆచారం. గురజాల, మాచర్లల మధ్య జరిగిన పల్నాటి యుద్ధానికి కోడిపందెం ఎంత సాకో, ఈ కోడ్‌కి, అంటే ‘పి0201’కి, ప్లగ్గు అంతే సాకు.

మామూలు పెట్రోలు కారులో ఆ దారి చిన్నదే. బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే దాటి 12 వోల్టులు ఇంజెక్టర్ ఒక పిన్నుకి వస్తాయి. రెండో పిన్ను తీగ ఈసీఎంలోకి పోతుంది. ఈసీఎం ఇక్కడ కరెంటు పంపదు, ఎర్త్ కలిపి తీస్తుంది. ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు కలిపి ఉంచేది రెండు మూడు మిల్లీసెకన్లు. పెట్రోలు చిమ్మేది అప్పుడే. అంటే అనుమానించాల్సినవి నాలుగు: సప్లై, ఇంజెక్టర్ లోపలి కాయిల్, తీగా కప్లరూ, చివరగా ఈసీఎం.

మొదట చూడాల్సింది ఎన్ని సిలిండర్లకి కోడ్ వచ్చిందని. నాలుగింటికీ వస్తే ఉమ్మడిగా ఉన్న ఫ్యూజు, రిలే, సప్లై తీగ చూడాలి. నాలుగు ఇంజెక్టర్లు ఒకేరోజు కూడబలుక్కుని పోవు.

ఒక్కదానికే వస్తే దాని కప్లర్ ఊడదీసి, తాళం ఆన్ చేసి మల్టీమీటర్ పెట్టాలి. ఒక పిన్నులో బ్యాటరీ వోల్టేజీ కనిపించాలి. కొన్ని కార్లలో రిలే సెల్ఫ్ కొట్టినప్పుడే పడుతుంది, కాబట్టి పక్క ఇంజెక్టర్‌తో పోల్చుకోవాలి. మీటరు ఇక్కడ మోసం చేయగలదు. తీగలో ఒక్క పోగు మిగిలినా 12 వోల్టులు చూపిస్తుంది, కానీ ఆ పోగు ఇంజెక్టర్‌ని లాగలేదు. సప్లై పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య చిన్న బల్బు పెడితే నిజం బయటపడుతుంది.

తర్వాత ఇంజెక్టర్ రెండు పిన్నుల మధ్య ఓమ్స్ కొలవాలి. ఈ రకం కార్లలో ఎక్కువగా 12 నుంచి 16 మధ్య వస్తుంది. అసలు రీడింగ్ రాకపోతే కాయిల్ తెగింది. సున్నా దగ్గర ఉంటే లోపల షార్టు. పల్నాడులోని రెంటచింతల ఎండని లెక్కలోకి తీసుకోవాల్సింది ఇక్కడే. రాగి వేడెక్కితే నిరోధం పెరుగుతుంది: 20 డిగ్రీల దగ్గర 14 ఓమ్స్ ఉన్న కాయిల్, 90 డిగ్రీల దగ్గర దాదాపు 18 చూపిస్తుంది. అది జబ్బు కాదు. మాచర్లలో పొద్దున బాగానే కదిలిన బండి మధ్యాహ్నం గురజాల దాటేసరికి మిస్సింగ్ కొడితే, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే నాలుగింటినీ కొలిచి పోల్చాలి. పగుళ్లిచ్చిన కాయిల్ చల్లగా ఉన్నప్పుడు బుద్ధిమంతుడిలా ఉంటుంది.

సప్లై, కాయిల్ రెండూ బాగుంటే కప్లర్‌లో ఇంజెక్టర్ బదులు నాయిడ్ లైటు అనే చిన్న పరీక్ష దీపం పెట్టి సెల్ఫ్ కొట్టాలి. మిణుకుమంటే ఈసీఎం తన పని చేస్తున్నట్టే. కప్లర్ పిన్నులు వదులయ్యాయేమో చూడాలి. మిణుకు లేకపోతే బ్యాటరీ తీసేసి, ఇంజెక్టర్ రెండో పిన్ను తీగని ఈసీఎం పిన్ను దాకా కదుపుతూ కొలవాలి. లైటు ఆరకుండా వెలుగుతుంటే తీగ ఎక్కడో బాడీకి తగులుతూ ఉండాలి, లేదా ఈసీఎం లోపలే షార్టు అయి ఉండాలి. అప్పుడు ఇంజెక్టర్ మూసుకోదు. పెట్రోలు వాసన, తడిసిన ప్లగ్గు, నల్ల పొగ దానికి గుర్తులు. అలాంటి బండిని నడిపితే సైలెన్సర్ దారిలోని కేటలిటిక్ కన్వర్టర్ కాలిపోవచ్చు.

పల్నాడులో తీగకి శత్రువుల కొదవ లేదు. పిడుగురాళ్ల వైపు సున్నపు దుమ్ము, దాన్ని కడగడానికి చేయించిన వాటర్ సర్వీసింగ్ తడి, ఆ తడికి పిన్నుల మీద పట్టే పచ్చటి చిలుము. ఆపైన ఎలుకలు. వైర్ల మీద కారం చల్లితే రావంటారు. మిర్చి టిక్కీల మధ్య పుట్టి పెరిగిన ఎలుకకి ఆ సంగతి ఎవరైనా చెప్పాలి.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే ఈసీఎం మీద అనుమానం. అది అందరికన్నా ఖరీదైన ముద్దాయి. వాంగ్మూలం ఆఖరున తీసుకుంటే జేబుకి మంచిది.

డీజిల్ కామన్ రైల్ బండ్లకి ఈ కొలతలు పనికిరావు. వాటి ఇంజెక్టర్లు చాలావాటిలో నిరోధం ఒక ఓమ్ కన్నా తక్కువ, నడిపే వోల్టేజీ 12 కన్నా చాలా ఎక్కువ. ఇంజన్ తిరుగుతుండగా ఆ తీగల్ని ముట్టుకోకూడదు.

మరమ్మతు అయ్యాక కోడ్ చెరిపేయడంతో పని పూర్తి కాదు. ఎండలో వచ్చిన తేడా పోయిందో లేదో ఎండలోనే తెలుస్తుంది. బిల్లు కట్టేముందు మెకానిక్‌ని ఒక్క మాట అడగండి: ఏ పిన్ను దగ్గర మీటరు ఎంత చూపించింది? అంకె చెబితే ఆయన పరీక్ష చేసినట్టు. ‘మొత్తం మార్చేశానండీ’ అంటే, పరీక్ష ఖర్చు కూడా మీరే పెట్టినట్టు.