ఎండల దేశంలో మంచు కొండ

భూమధ్యరేఖ దగ్గర ఎండలు ఎక్కువ అని సోషల్‌లో చదువుకున్నాం. మరి ఆ రేఖకు మూడు డిగ్రీల దూరంలోనే ఒక కొండ నెత్తిన ఏడాది పొడవునా మంచు ఉంటుందంటే నమ్ముతారా? అదే కిలిమంజారో. ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో ఉంది. ఎత్తు 5,895 మీటర్లు. ఆఫ్రికా మొత్తానికి ఇదే ఎత్తయిన కొండ. ఒకప్పటి అగ్నిపర్వతం.

మంచు ఎందుకుంది? పైకి పోయేకొద్దీ గాలి పలచబడి చల్లబడుతుంది. ఒక్క కిలోమీటరు ఎక్కితే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. కింద చెమటలు పోస్తుంటే పైన నీళ్లు గడ్డ కడతాయి.

ఇప్పుడు కొండ ఎక్కుదాం రండి.

కింద చగ్గా జాతి వాళ్ల ఊళ్లు ఉంటాయి. అరటి, కాఫీ తోటలు వేస్తారు. కొండ వాగుల నుండి కాలువలు తవ్వి నీళ్లు పారించుకుంటారు. ఊళ్లు దాటితే దట్టమైన అడవి. జంతువులు ఎక్కువగా ఉండేది ఇక్కడే. కొలోబస్ కోతిని చూడాల్సిందే. నల్లని ఒళ్లు, తెల్లని జూలు, తోకకు తెల్ల కుచ్చు. చేతికి బొటనవేలు ఉండీ లేనట్టే ఉంటుంది. ముఖ్యంగా ఆకులు తిని బతుకుతుంది. ఏనుగులు, అడవి దున్నలు, చిరుతలు కూడా ఉన్నాయి గాని మనుషుల కంట పడడం తక్కువ.

సుమారు 2,800 మీటర్లు దాటాక పెద్ద చెట్లు పోయి పొదలు వస్తాయి. ఇంకాస్త పైన సెనీసియో అనే వింత చెట్టు ఉంది. ఎండిన ఆకుల్ని రాల్చుకోకుండా కంబళిలాగ ఒంటికి చుట్టుకుంటుంది. లోబీలియా మొక్క రాత్రి చలికి ఆకులు ముడుచుకొని లోపలి మొగ్గను కాపాడుకుంటుంది. 4,000 మీటర్ల పైన అంతా రాళ్లు, దుమ్ము. తెల్ల మెడ కాకులు మాత్రం గుడారాల చుట్టూ తిండికోసం తిరుగుతుంటాయి.

శిఖరం మీద ఊపిరికి అందే ప్రాణవాయువు కింద దొరికే దాంట్లో సగమే. తొందరపడితే తలనొప్పి, వాంతులు, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. అందుకే దారి చూపేవాళ్లు "పోలె పోలె" అంటుంటారు. స్వాహిలీ భాషలో మెల్లగా, మెల్లగా అని అర్థం. 1889లో హాన్స్ మేయర్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ మొదటిసారి శిఖరం చేరారు. మన గిరిజన బిడ్డ, గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకముందే 2014లో ఎవరెస్టు ఎక్కింది గదా! ఆమె 2016లో ఈ కొండ కూడా ఎక్కింది.

చివరగా ఒక మాట. 1912లో ఉన్న మంచులో ఐదింట నాలుగు వంతుల పైనే కరిగిపోయింది. అందరూ దాని గురించే బాధపడతారు. కాని కింది ఊళ్ల వాగులకు నీళ్లు ఎక్కువగా వచ్చేది మంచు నుండి కాదు, అడవి నుండి. అక్కడి చెట్లు వానను, పొగమంచును పట్టి నేలకు దించుతాయి. 2020 అక్టోబరులో కొండ మీద పెద్ద మంటలు లేచి ఎన్నో పొదలు, చెట్లు కాలిపోయాయి. చూడ్డానికి వచ్చే వాళ్లకు మంచు కావాలి. అక్కడ బతికే వాళ్లకు అడవి కావాలి. ఈ సంగతి మనకు ఒకరు చెప్పాలా?